ముందు మీ వదినతో మాట్లాడండి

ప్రశ్న: మా అమ్మ పోయి పది నెలలైంది. నెల్లూరు దగ్గర పల్లెలో పుట్టి, 1968లో పెళ్లయి మద్రాసు వచ్చింది. నాన్న పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. జీతం చాలక అమ్మ ఇంట్లో మిషన్ కుట్టి అన్నయ్యనీ నన్నూ చదివించింది. ఐదుగురు మనవలు, మనవరాళ్లకి పురుళ్ల దగ్గర్నుంచి పరీక్షల దాకా అన్నీ తనే చూసుకుంది. పక్షవాతం వచ్చి మూడున్నరేళ్లు మంచంలో ఉన్నా ఒంటి మీద ఒక్క పుండు లేకుండా వెళ్లిపోయింది. అంత పుణ్యాత్మురాలు. సంవత్సరీకం నాటికి ఆమె జీవితం గురించి చిన్న పుస్తకం వేయించాలని నా కోరిక. ఫోటోలు, కాగితాలు అన్నీ పెరంబూరులో అన్నయ్య ఇంట్లోనే ఉన్నాయి. వదిన ఇవ్వడం లేదు. ఏమడిగినా "నాకేం గుర్తులేదు" అంటోంది. అమ్మ అన్నం తింటూ ఏదో చెప్పబోతే "నోరు మూసుకుని మింగండి" అని కసరడం నేను కళ్లారా చూశాను. అలాంటి మనిషి సాయం లేకుండా పుస్తకం ఎలా పూర్తిచేయాలి? ఎన్ని పేజీలుండాలి? పిల్లలకి తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషులో రాయించాలా?
– ఒక సోదరి, వలసరవాక్కం, చెన్నై

జవాబు: పేజీల లెక్క ప్రెస్సువాళ్లు చెబుతారు, దాని గురించి మీరు నిద్ర మానుకోనక్కర్లేదు. మీ ఉత్తరంలో అసలు సంగతి ఒక్క వాక్యంలో ఉంది. ఒక్క పుండు లేకుండా వెళ్లిపోయింది, అంత పుణ్యాత్మురాలు అన్నారు. మీ అమ్మగారు పుణ్యాత్మురాలే, కాదనను. అయితే మూడున్నరేళ్లు మంచాన ఉన్న మనిషికి పుండు పడకపోవడం పుణ్యం చేసే పని కాదమ్మా. దాన్ని చేతులతో చేయాలి.

ఎలాగో చెబుతాను, ఎందుకంటే మీకు ఇది తెలియకుండా పుస్తకం రాయడం కుదరదు. కదల్లేని మనిషి ఒకే వైపు పడుకుని ఉంటే నడుం కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిపోతుంది. అక్కడ రక్తం ఆడదు. ముందు ఎర్రటి మచ్చ పడుతుంది, పట్టించుకోకపోతే తోలు లేచి పుండవుతుంది. అందుకని రెండు గంటలకోసారి పక్క మార్చాలి: కాసేపు కుడికి, కాసేపు వెల్లకిలా, కాసేపు ఎడమకి. మార్చిన ప్రతిసారీ మోకాళ్ల మధ్య దిండు పెట్టాలి, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద మెత్త పెట్టాలి, దుప్పటి ముడతలు సరిచేయాలి. ఆ చిన్న ముడతే చర్మాన్ని కోస్తుంది. ఎర్రబడిన చోట రుద్దకూడదు, రుద్దితే ఇంకా పాడవుతుంది. డైపరు తడి ఒంటికి అంటి ఉండకూడదు. చెన్నైలో కత్తిరి ఎండల్లో, అంటే మే నెల మండుటెండల్లో, చెమట ఆరనే ఆరదు, తుడుస్తూనే ఉండాలి. గాలి పరుపు వేశాం కదా అని నిద్రపోవడానికి లేదు. అది కరెంటు మీద నడుస్తుంది, కరెంటు పోతే గాలి దిగిపోతుంది. పైగా ఆ పరుపు ఉన్నా పక్క మార్చక తప్పదు.

రెండు గంటలకోసారి అంటే రోజుకి 12 సార్లు. మూడున్నరేళ్లకి 15 వేలు దాటుతుంది. మధ్యమధ్య మనిషిని పెట్టుకుని ఉండొచ్చు, మీ అన్నయ్య ఒక చెయ్యి వేసి ఉండొచ్చు. సగం తీసేసినా, రాత్రి పన్నెండుకీ రెండుకీ నాలుగుకీ లేచిన మనిషి ఎవరో మీకు తెలుసు. ఆమె పేరు మీ ఉత్తరంలో ఫిర్యాదుగా తప్ప ఇంకెక్కడా రాలేదు.

ఇక ఆ కసరడం. మాట కటువుగానే ఉంది, పెద్దావిడతో అలా అనకూడదు. కానీ పక్షవాతం వచ్చినవాళ్లకి చాలామందికి గొంతు కండరాలు కూడా పట్టు తప్పుతాయి. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడితే మెతుకు ఆహారనాళంలోకి పోకుండా గాలిగొట్టంలోకి దిగుతుంది. ఊపిరితిత్తులకి చేరితే న్యుమోనియా. మంచాన పడ్డవాళ్ల ప్రాణం చాలాసార్లు అలాగే పోతుంది. అందుకే తినిపించేవాళ్లకి డాక్టర్లు మరీమరీ చెబుతారు: కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టి, ఒక ముద్ద మింగాకే ఇంకోటి పెట్టాలి. తినేటప్పుడు మాట్లాడించకూడదు. తిన్నాక అరగంటైనా పడుకోబెట్టకూడదు. ఒక్క పూట అన్నానికి ముప్పావుగంట పడుతుంది. మీరు చూసింది ఆ ముప్పావుగంటలో ఒక్క క్షణం. ఆ కసురు వెనక విసుగూ ఉండొచ్చు, భయమూ ఉండొచ్చు. రెండూ ఉన్నా ఆవిడ చెంచా కింద పెట్టి వెళ్లిపోలేదు కదా?

కాబట్టి మీ అసలు చిక్కు పుస్తకంతో కాదు, మీ వదినతో. అమ్మ పోయాక పది నెలల్లో ఆమె దగ్గరికి వెళ్లి మీరు ఏమడిగారు? ఫోటోలడిగారు, కాగితాలడిగారు, జ్ఞాపకాలడిగారు. ఆమెకేం ఇచ్చారు? "నాకేం గుర్తులేదు" అంటే మొండితనం అనుకుంటున్నారు. ఏళ్ల తరబడి ముక్కముక్కల నిద్రతో బతికిన మనిషికి నిజంగానే చాలా గుర్తుండవు. గుర్తున్నవేమో పుస్తకంలో వేసుకునేవి కావు. ఉన్నట్టుండి ఒక రోజు పనంతా ఆగిపోయాక ఆ ఇంట్లో ఆమెకి ఎలా ఉందో ఎవరైనా కనుక్కున్నారా? నడుం నొప్పి, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం ఇలాంటివి ఉంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ పని అన్నయ్యకి అప్పజెప్పకండి, మీరే వెళ్లండి.

పుస్తకం పని మీద కాకుండా ఊరికే ఒకసారి వెళ్లండి. ఫోన్లో రికార్డింగ్ పెట్టుకుని కూర్చోకండి. "వదినకి నువ్వు చెప్పు" అని అన్నయ్య చేత అడిగించడం మానేయండి, అది ఇద్దరి మధ్యా గోడని ఇంకా పెంచుతుంది. ఆమె పని తెమిలాక, మధ్యాహ్నం మూడింటికో నాలుగింటికో, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ఏం చెప్పాలో కూడా చెబుతాను. "నువ్వు దేవతవి వదినా" అనకండి, "నీ రుణం తీర్చుకోలేం" అనకండి. అవి బరువు దించుకోవడానికి మనం అనే మాటలు. "కూతురిలా చూసుకున్నావు" అని మాత్రం అసలు అనకండి. కూతురు మీరు. ఆవిడ చేసింది కోడలిగా, ఆ పేరుతోనే ఒప్పుకోవాలి. "అమ్మకి ఒక్క పుండు పడలేదంటే రాత్రుళ్లు నువ్వు లేచావు కాబట్టి. అది నాకు ఇన్నాళ్లూ తట్టలేదు" అనండి, చాలు. ఆవిడ ఏడవొచ్చు, ఎదురు తిరగొచ్చు, నాలుగు పాత లెక్కలు బయటికి తీయొచ్చు. వినండి. ఆరోజు జవాబు చెప్పకండి. ఆడపడుచు హోదా గుమ్మం బయట పెట్టి వెళ్లండి.

ఆ తర్వాత కూడా ఆవిడ ఫోటోలు ఇవ్వనంటే అది ఆవిడ ఇష్టం. పుస్తకం కోసం బలవంతం చేసే హక్కు మీకు లేదు.

ఇస్తే మాత్రం ఆల్బమ్ ఇంటికి తెచ్చుకోకుండా వాళ్లింట్లోనే కూర్చుని కాపీ తీయండి, నమ్మకం కుదురుతుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫోటోని గోటితో లాగితే చిరుగుతుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని వెనక నుంచి అటూ ఇటూ లాగితే మెల్లగా ఊడుతుంది. ఫ్రేము అద్దానికి అంటుకుపోయినదాన్ని ముట్టుకోకండి, అద్దంతో సహా స్కాన్ చేయించండి. స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) చేయించండి, పాస్‌పోర్టు సైజు ఫోటోలు కూడా పెద్దవిగా వేసుకునేలా ఉంటాయి. ఫోటో వెనక బాల్‌పెన్నుతో పేర్లు రాయకండి, ఒత్తిడికి ముందువైపు గీతలు తేలతాయి. మెత్తటి పెన్సిలుతో రాయండి. నున్నటి కాగితం మీద పెన్సిలు పడకపోతే కవరు మీద రాసి ఫోటో అందులో పెట్టండి. ఎవరెవరున్నారో మీ వదినని అడిగితే, "గుర్తులేదు" అన్న మనిషే ఫోటో చేతికి రాగానే చెప్పడం మొదలెడుతుంది.

సంవత్సరాలు నేరుగా అడిగితే ఎవరూ చెప్పలేరు. గుర్తులు పట్టుకుని అడగాలి. దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు (1977 నవంబరు) ఏ ఇంట్లో ఉన్నారు? 1984 నవంబరు తుఫానుకి నెల్లూరు వైపు ఊళ్లో ఇల్లేమైంది? వదిన కాపురానికి వచ్చింది మద్రాసు పేరు చెన్నై అయ్యాకా, ముందా (1996)? 2015 డిసెంబరు వరదలో అమ్మని ఎక్కడ ఉంచారు? మీ నాన్నగారి ఫ్యామిలీ పెన్షన్ ఆర్డరు, రేషన్ కార్డు, పెళ్లి శుభలేఖ పక్కన పెట్టుకుంటే తేదీలు కుదురుతాయి.

అమ్మ గొంతు వెతకండి. వాట్సాప్ ఖాతా 120 రోజులు తెరవకపోతే మామూలుగా తీసేస్తారు. రీఛార్జి చేయని నంబరు ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. పది నెలలైంది కాబట్టి అమ్మ ఫోను మీదే ఆశ పెట్టుకోకండి. ఆవిడ పంపిన వాయిస్ మెసేజీలు అందుకున్నవాళ్ల ఫోన్లలో ఉంటాయి. మీ ఐదుగురు పిల్లలూ ఫోన్లు మార్చేలోపు, అమ్మ చాట్‌ని మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల దాచమనండి.

వంటలు రాయాలనుకుంటే కొలతలతో రాయండి. "తగినంత ఉప్పు" అని రాస్తే మీ మనవరాలికి ఆ పుస్తకం ఎందుకూ కొరగాదు. అమ్మ గిద్ద, సోల లెక్కల్లో వేసేది కదా! నాలుగు గిద్దలు ఒక సోల అని అందరికీ తెలుసు, కానీ ఇంటింటి గిద్దా ఒకలా ఉండదు. ఆవిడ వాడిన గిద్దనే నీళ్లతో నింపి మిల్లీలీటర్ల గ్లాసులో కొలవండి. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు ఏ పాళ్లలో వేసేదో, మూడోరోజు తిరగకలిపినప్పుడు నూనె పైకి తేలకపోతే ఇంకెంత పోసేదో రాయండి. ముక్క మీద తడి ఉన్నా, నూనె చాలకపోయినా బూజు పడుతుంది, అది కూడా రాయాలి. ఇన్నేళ్లు ఆవిడ పక్కన నిలబడి ముక్కలు తుడిచింది ఎవరు? ఆ అధ్యాయం మీ వదిన చెప్పాలి, ఆవిడ పేరుతోనే రావాలి.

ఇంకో మాట. త్యాగమూర్తి, కరుణామయి, అన్నపూర్ణ అని నింపితే ఆ పుస్తకాన్ని మీ పిల్లలు ఒకసారి తిరగేసి అటక మీద పెడతారు. మీ అమ్మకి ఏం ఇష్టం? ఎవరితో మాట్లాడ్డం మానేసింది? మిషన్ మీద వచ్చిన డబ్బుతో తనకోసం ఏం కొనుక్కుంది? జాకెట్టుకి ఎంత తీసుకునేది, ఎవరు ఎగ్గొట్టారు? ఇంటి రాబడిలో ఆమె కుట్టుపని డబ్బు ఎంత వంతు? తెలియకపోతే అమ్మ దగ్గర కుట్టించుకున్న పెరంబూరు ఇరుగుపొరుగుని అడగండి. అమ్మకి కూడా కోపం ఉండేది, వదినని అన్న మాటలు కూడా ఉంటాయి. అవన్నీ అచ్చేయమనను. లేవన్నట్టు మాత్రం రాయకండి.

భాష సంగతి: తెలుగులోనే రాయండి, ఎదురు పేజీలో ఇంగ్లీషు వేయండి. 2006 చట్టం తర్వాత ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరైంది కనుక పిల్లలు తమిళ లిపి చదువుతారు కదా, తెలుగుని అందులో వేద్దామా అనిపిస్తుంది. వద్దు. ఆ లిపిలో క, గ లకి ఒకటే అక్షరం, అమ్మ మాటలు అమ్మ మాటల్లా వినపడవు. దానికంటే ఒక్కో అధ్యాయాన్నీ అన్నయ్యో వదినో చదివి రికార్డు చేస్తే పిల్లలు విని అర్థం చేసుకుంటారు.

సెంటర్ పిన్ (కాగితాలు మధ్యకి మడిచి మడత మీద పిన్ను) కొట్టించాలంటే పేజీలు నాలుగుతో భాగించబడాలి. 48 సరిపోతాయి, మరీ లావైతే పిన్ను నిలవదు. లోపలికి 80 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మ్యాప్‌లిథో అనే మామూలు అచ్చు కాగితం, ఫోటోలకి 130 జీఎస్ఎం నున్నటి ఆర్ట్ పేపరు. యాభై, అరవై కాపీలకి డిజిటల్ ప్రింటే చవక. ట్రిప్లికేను, రాయపేట వైపు ప్రెస్సుల్లో ఆపరేటరుకి తెలుగు రాకపోతే వత్తులు విడిపోయినా ఆయనకి తెలియదు. అందుకని టైపు ఫైలు ఇవ్వకుండా అక్షరాలు మారిపోకుండా ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇవ్వండి, కాగితం మీద ప్రూఫు అడగండి. ఆ ప్రూఫు మీకంటే ముందు మీ వదిన చూడాలి. ఆవిడ కొట్టేయమన్న వాక్యం కొట్టేయండి.

సంవత్సరీకం తేదీ కూడా ఇప్పుడే ఖాయం చేసుకోండి. మనది చాంద్రమానం. తమిళ పురోహితులైతే సౌరమాసం లెక్క వేస్తారు, రోజు ఒక్కోసారి దాదాపు నెల అటూ ఇటూ కావొచ్చు. మాసం, పక్షం, తిథి కాగితం మీద రాసిచ్చి తెలుగు పంచాంగం ప్రకారం చూడమనండి. మధ్యలో అధికమాసం వస్తోందేమో అడగండి. ఆరోజు వంటకి మనిషిని మాట్లాడండి, ఖర్చు మీరు పెట్టుకోండి, పొద్దున్నే అయిదింటికల్లా పెరంబూరులో ఉండండి.