రైళ్ల కోసం వెళ్లి, ఇళ్ల దగ్గర ఆగిపోయాం

రైల్వేలో రిటైరైన నాన్నగారితో ఇంగ్లండులోని అక్క ఇంటికి వెళ్తున్నామనీ, పెండన్ మ్యూజియంలో ఉన్నవి బొమ్మరైళ్లే కదా, ఆయనకు నచ్చుతుందా అనీ అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి. మాది విశాఖపట్నం. మా నాన్న కొత్తవలస–కిరండోల్ లైన్లో గార్డుగా పనిచేశారు. అరకు దారిలోని 58 సొరంగాలూ ఆయనకు కంఠతా వచ్చు. అలాంటి మనిషిని అక్కడి నుంచి బయటికి తీసుకురావడం నావల్ల కాలేదు.

లండన్ ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి డిడ్‌కాట్‌కు రైలుంది. అక్కడి నుంచి కొద్ది మైళ్ల దూరంలోని లాంగ్ విటెన్‌హామ్ అనే పల్లెలో ఉంది మ్యూజియం. డిడ్‌కాట్ స్టేషన్ పక్కనే అసలు ఆవిరి ఇంజన్ల రైల్వే సెంటర్ కూడా ఉంది. మేము ముందు అందులోకి వెళ్లి సగం రోజు ఖర్చు చేశాం. మీరు ఆ పని చేయకండి, దానికి వేరే రోజు పెట్టుకోండి.

నాన్న ముందు డార్ట్‌మూర్ అనే ఇంగ్లండు కొండప్రాంతపు నమూనా దృశ్యం దగ్గర నిలబడ్డారు. రైల్వే ఇంజనీరు బ్రూనెల్ కాలపు కొయ్య వంతెన నమూనా మీదుగా గ్రేట్ వెస్టర్న్ అనే పాత కంపెనీ బొమ్మరైళ్లు పోతుంటాయి. ప్రతి రైలుకూ చివరి పెట్టె దాటేవరకూ ఆయన చూపు తిప్పలేదు, డ్యూటీలో ఉన్నట్టే. జాన్ అహెర్న్ అనే బొమ్మరైళ్ల నిపుణుడు ఊహించి కట్టిన మ్యాడర్ వ్యాలీ అనే బొమ్మరైల్వే కూడా అక్కడే భద్రంగా ఉంది.

అయితే మమ్మల్ని కట్టిపడేసింది మాత్రం లోపలున్న బొమ్మపల్లె. రాయ్ ఇంగ్లండ్ (ఆయన ఇంటిపేరే అది) 1925లో ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు. పాత ఇళ్ల గడ్డికప్పులు పీకేసి ఆస్‌బెస్టాస్ వేస్తుంటే చూసి తట్టుకోలేక, అవి పోకముందే బొమ్మలుగానైనా నిలపాలని పూనుకున్నాడు. 1954లో ఈ లాంగ్ విటెన్‌హామ్‌లో స్థిరపడ్డాడు. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన, అంటే ఆరడుగుల మనిషి 24 మిల్లీమీటర్లే. గోడలు అట్టముక్కలు. ఇటుక ఇటుకకూ గీత గీసి, నీటిరంగులు వేశారు. కప్పు మీద గడ్డి అనుకున్నది ప్లంబర్లు పైపుల మరలకు చుట్టే నార! వంగి దగ్గరగా చూస్తే చూరు కత్తిరించిన అంచు కూడా తెలుస్తుంది. ఇదంతా స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్లతరబడి ఓపికగా చేసిన పని.

నాన్న పుట్టిన ఊరు ఉక్కు కర్మాగారం స్థలంలో కలిసిపోయింది. ఆ గాజు ముందు చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, "మన చుట్టింటిని ఎవరూ కొలిచి పెట్టలేదురా" అన్నారు. విశాఖ వచ్చిన వారానికే లెక్కల పుస్తకం తీసి, తాటాకు కప్పు ఎంత కిందికి దిగేదో, పొయ్యి ఏ మూలో గీయడం మొదలుపెట్టారు. గుమ్మం తూర్పుకా ఉత్తరానికా అని మా మేనత్తతో ఫోనులో ఇప్పటికీ వాదన నడుస్తోంది. ఆ వాదనంటే నాకు ప్రాణం.

మ్యూజియం అన్ని రోజులూ తెరవరు, తేదీలు చూసుకునే బయల్దేరండి. మీ నాన్నగారి దగ్గరచూపు కళ్లద్దాలు సంచిలో పెట్టుకోవడం మరిచిపోవద్దు. మా నాన్నవి బసలో ఉండిపోవడంతో నావే ఇచ్చాను, వంతులవారీగా చూశాం.