మేకలా, అడవా? తప్పెవరిదో చెప్పే చదువు ఉందా?

ప్రశ్న: బీఎస్సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) రెండో ఏడాది చదువుతున్నాను. మాది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంచున ఉన్న ఊరు, మేకలే ఆధారం. మేకల వల్ల అడవి పాడవుతోందని ఫారెస్టువాళ్ళు అంటారు. అడవిలోకి రానివ్వక మా బతుకు పాడవుతోందని ఊరివాళ్ళు అంటారు. దీని మీద చదివితే ఉద్యోగం వస్తుందా? నాన్న బీఎడ్ చేయమంటున్నారు.

జవాబు: వస్తుంది. కానీ తప్పెవరిదో తేల్చేయాలన్న పంతంతో మాత్రం రాకండి.

మీ నాన్నగారిని ఒకటి అడగండి. ఆయన చిన్నప్పుడు మంద ఎంత దూరం పోయేది, ఇప్పుడెంత దూరం పోతోంది? మేపు ఎక్కువైన చోట, నిప్పు తరచూ పడే చోట గడ్డి తగ్గి లాంటానా అనే కలుపు మొక్క పొదలుగా అల్లుకుంటుంది. ఆ పొదలను మేకలు పెద్దగా ముట్టవు. అప్పుడు మంద ఇంకా లోపలికి పోవాలి. అక్కడ చిరుత భయం, ఫారెస్టువాళ్ళతో గొడవ. ఇందులో మొదలెక్కడో చెప్పడం కష్టం, మీరు చదవాల్సింది సరిగ్గా అదే.

తపసి చెట్టు సంగతీ చూడండి. జిగురు కోసం గొడ్డలితో లోతుగా నరికిన చోట చెట్లు ఎండిపోయాయి. చిన్న గాటు పెట్టి, అది మానేదాకా ఆగి, జిగురును శుభ్రంగా ఆరబెట్టిన చోట చెట్టూ బతికింది, చెంచులకు మంచి రేటూ వచ్చింది. ఈ పని చేసేవాళ్ళకి బోటనీ తెలియాలి, తూకం దగ్గర జరిగే బేరమూ తెలియాలి. రెండోది మీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక కోర్సులు. మీ డిగ్రీతో డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ ఫారెస్ట్రీకి ప్రయత్నించొచ్చు. మేనేజ్‌మెంట్ వైపు ఆసక్తి ఉంటే భోపాల్‌లో ఐఐఎఫ్ఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్) ఉంది. బోటనీ, జువాలజీ ఉన్నాయి కాబట్టి యూపీఎస్సీ నిర్వహించే ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) పరీక్షకూ అర్హులే. అయితే దాని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోమని నేనెవరికీ చెప్పను. స్వచ్ఛంద సంస్థల్లో ప్రాజెక్టు ఉద్యోగాలూ ఉంటాయి. మొదట్లో జీతాలు తక్కువ, ప్రాజెక్టు అయిపోతే టెన్షన్ తప్పదు. ఈ విషయం నాన్నగారికి ముందే చెప్పండి. బీఎడ్ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చేసుకోవచ్చు.

డబ్బు పోసి జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే విద్య) సర్టిఫికెట్లు కొనకండి. ఆ పనికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, 1972 నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే. ఇస్రోకి చెందిన ఐఐఆర్ఎస్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్) ఆన్‌లైన్‌లో ఉచిత పాఠాలు చెబుతుంది. ఒక్క జాగ్రత్త: మీ నల్లమల ఆకు రాల్చే అడవి. ఏప్రిల్ చిత్రం పక్కన అక్టోబరు చిత్రం పెట్టి అడవి పెరిగిందని మురిసిపోయిన విద్యార్థులను చూశాను. ఏ ఏడాదివైనా ఒకే నెల చిత్రాలు పోల్చండి. లాంటానా కూడా పైనుంచి పచ్చగానే కనిపిస్తుంది, కాబట్టి నడిచి వెళ్ళి చూడకుండా ఏదీ రాయకండి. లోపలికి వెళ్ళాలంటే అనుమతి తీసుకునే వెళ్ళండి.

ఈ వేసవిలో మీ ఊరి చుట్టూ ఉన్న మేపు దారులు, నీటి చెలమలు నాన్నగారి చేత చెప్పించుకుని మ్యాపులో గుర్తించండి. అటవీ హక్కుల చట్టం 2006 కూడా ఒకసారి చదవండి. పీజీ ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు ఆ మ్యాపు ప్రింటు తీసుకెళ్ళండి.