ఆర్కియాలజీ డిగ్రీకి కోటీ ఇరవై లక్షలు: ప్లేస్‌మెంట్ జీతంతో అప్పు తీరుతుందా?

ప్రశ్న: నేను హనుమకొండలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. వయసు 52. ఇంటర్ పూర్తయిన మా అమ్మాయి ఆర్కియాలజీ తప్ప ఇంకేదీ చదవనంటోంది. ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక యూనివర్సిటీలో నాలుగేళ్ల డిగ్రీకి సీటొచ్చింది. ఫీజు ఏడాదికి 22,000 పౌండ్లు. తవ్వకాల్లో శిక్షణ ఇస్తారు, మూడో ఏడాదంతా జీతంతో ప్లేస్‌మెంట్, అంటే చదువులో భాగంగానే ఏదైనా సంస్థలో పని ఉంటుంది. ఆ జీతంతో అప్పు సగమైనా తీర్చేస్తానంటోంది. ఎఫ్‌డీల్లో 18 లక్షలు, సుమారు 40 లక్షలు చేసే ప్లాటు ఉన్నాయి. ప్లాటు అమ్మి, ఇంకో 60 లక్షలు లోన్ తీసుకుందామనుకుంటున్నాం. మీరేమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు ఒక మాట. మీ అమ్మాయి ఎంచుకున్న చదువును మార్చమని నేను చెప్పను. ఇష్టం లేని బీటెక్‌కు నాలుగేళ్లు కట్టే ఫీజు కంటే పెద్ద నష్టం లేదు. నా అభ్యంతరం చదువు మీద కాదు, దానికి మీరు వేసుకున్న లెక్క మీద.

పౌండును 120 రూపాయలుగా తీసుకుందాం. ప్లేస్‌మెంట్ ఏడాది పక్కన పెడితే మూడేళ్ల ఫీజు 66,000 పౌండ్లు. లండన్ బయట చదివేవాళ్లకు నెలకు 1,100 పౌండ్లకు పైగా ఖర్చవుతుందని వీసా నిబంధనలే లెక్కగడతాయి. తొమ్మిది నెలల చొప్పున ఏడాదికి పదిన్నర వేలు. వీసా ఫీజు, ఏటా 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జీ కలిపితే ఇంకో 4,000. మొత్తం దాదాపు లక్ష పౌండ్లు, అంటే కోటీ ఇరవై లక్షలు. విమానం టికెట్లు ఇందులో లేవు.

ఇక ప్లేస్‌మెంట్ ఏడాది. జీతం 20,000 పౌండ్లు వచ్చిందనే అనుకుందాం. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ పోగా చేతికి 18,000 లోపే అందుతుంది. పన్నెండు నెలల అద్దె, తిండి, బస్సు ఖర్చులకు 14,000 పోతాయి. ఆ ఏడాది కూడా యూనివర్సిటీ తగ్గింపు ఫీజు ఒకటి తీసుకుంటుంది, సాధారణంగా రెండు మూడు వేలు. మిగిలేది వెయ్యి, పదిహేను వందల పౌండ్లు. ఆ ఏడాది తన ఖర్చు తాను గడుపుకుంటుంది, అంతే. మీ అప్పులో రూపాయి కూడా తగ్గదనే లెక్క వేసుకోండి.

ఆ జీతానికి గ్యారంటీ కూడా లేదు. డిగ్రీలో తప్పనిసరి భాగంగా చేసే, ఏడాదికి మించని ప్లేస్‌మెంట్‌కు బ్రిటన్ కనీస వేతన చట్టం వర్తించదు. చాలా కోర్సుల్లో ప్లేస్‌మెంట్‌ను విద్యార్థే వెతుక్కుని, ఇంటర్వ్యూ నెగ్గి తెచ్చుకోవాలి.

అక్కడ ఈ రంగంలో పని లేక కాదు. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోకముందే 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించిన సంగతి మీరు క్లాసులో చెప్పే ఉంటారు. ఇంగ్లండ్‌లో ఇలాంటి పని ఏడాది పొడవునా జరుగుతుంది. 1990లో వచ్చిన ప్లానింగ్ నిబంధనల తర్వాత, రోడ్డు వేసినా ఇళ్లు కట్టినా ముందుగా జరగాల్సిన తవ్వకాల ఖర్చు ఆ నిర్మాణం చేపట్టేవాళ్లే భరించడం మామూలైంది. అందుకే ఆ పని చేసే కంపెనీలు పుట్టాయి. కానీ నిర్మాణాలు తగ్గితే వాటికీ పని తగ్గుతుంది. కొత్తవాళ్లవి చాలావరకు కొన్ని నెలల కాంట్రాక్టులే. జీతం మామూలుగా 30 వేల పౌండ్ల లోపే.

అసలు చిక్కు ఇక్కడే. చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ విద్యార్థులకు దాని గడువు 18 నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసా కావాలంటే జీతం 41,700 పౌండ్లు ఉండాలి. కొత్తగా చదువు ముగించినవాళ్లకు సడలింపు ఇచ్చినా 33,400. మట్టి తవ్వే తొలి ఉద్యోగంలో అంత రావడం కష్టం.

60 లక్షల లోన్‌ను మూడు విడతల్లో తీసుకున్నారనుకోండి. పదిన్నర శాతం వడ్డీ వేస్తే, కోర్సు అయిపోయి ఇంకో ఏడాది గడిచేసరికి బాకీ 83 లక్షలవుతుంది. పదేళ్ల ఈఎంఐ నెలకు లక్షా 12 వేలు. ఇంగ్లండ్‌లో ఉద్యోగం దొరికినా తన చేతికొచ్చే జీతంలో సగం దీనికే పోతుంది. దొరక్కపోతే భారం మీదే. అప్పటికి మీకు 57, నాలుగేళ్లలో రిటైర్మెంట్. ఈ ఒక్క కారణం చాలు, ఈ అప్పు వద్దని చెప్పడానికి.

నా సలహా: ఇంగ్లండ్‌ను వదలొద్దు, వెనక్కి జరపండి. బనారస్ హిందూ యూనివర్సిటీలో, బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో డిగ్రీలోనే ఆర్కియాలజీ చదవొచ్చు. పీజీకి పుణె డెక్కన్ కాలేజీ ఉంది, ఫీల్డ్‌వర్క్‌కు పేరున్న చోటు. హాస్టల్‌తో కలిపి ఏడాదికి రెండు లక్షలు పక్కన పెడితే ఇబ్బంది ఉండదు. పీజీ తర్వాత గ్రేటర్ నోయిడాలో ఆర్కియలాజికల్ సర్వే వారి సంస్థ రెండేళ్ల డిప్లొమా నడుపుతోంది, స్టైపెండ్ ఇస్తూ తవ్వకాల్లో శిక్షణ ఇస్తారు. సీట్లు తక్కువ, పోటీ గట్టిదే. అదే శాఖలో డిప్యూటీ సూపరింటెండింగ్ ఆర్కియాలజిస్టు పోస్టులను యూపీఎస్సీ భర్తీ చేస్తుంది, మూల వేతనం 56,100. నోటిఫికేషన్లు ఏటా రావు, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

అప్పటికీ ఇంగ్లండ్ వెళ్లాలనుకుంటే ఏడాది మాస్టర్స్‌కు వెళ్లనివ్వండి. ఈనాటి ధరల్లో అన్నీ కలిపి 45 నుంచి 50 లక్షలు. రెండేళ్ల పని అనుభవం ఉంటే బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కూ ప్రయత్నించొచ్చు. ప్లాటును అప్పటిదాకా ఉంచండి. డిగ్రీ ఖర్చు ఎఫ్‌డీల వడ్డీతో, కొంత అసలుతో గడుస్తుంది. ఈఎంఐకి పోయే డబ్బులో నెలకు 25 వేలు ఇప్పటి నుంచే మదుపు చేస్తే, ఐదేళ్లలో అసలే 15 లక్షలవుతుంది. డబ్బు పంపేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: సొంత డబ్బు ఏడాదిలో 10 లక్షలు దాటితే టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, రిటర్నులో సర్దుబాటవుతుంది. బ్యాంకు విద్యారుణంతో పంపితే ఆ కోత ఉండదు.

ఇప్పుడే పంపాలని ఇంట్లో గట్టిగా అనుకుంటే, డిపాజిట్ కట్టకముందు యూనివర్సిటీకి మెయిల్ రాయించండి. నిరుడు మీ ఆర్కియాలజీ విద్యార్థుల్లో ఎంతమందికి జీతంతో ప్లేస్‌మెంట్ దొరికింది? అందులో మన దేశం నుంచి వచ్చినవాళ్లెందరు? దొరక్కపోతే మూడేళ్ల కోర్సుకు మారొచ్చా, అప్పుడు వీసా ఏమవుతుంది? డిపాజిట్ వెనక్కిస్తారా? ఈ మెయిల్ అమ్మాయే రాయాలి, జవాబు మీ ఇద్దరూ కలిసి చదవాలి. అది చూశాకే ప్లాటు బేరం గురించి ఆలోచించండి.