దాచిన విత్తనాలు వానలు పడేసరికి ఎందుకు పాడవుతున్నాయి?

పెరట్లో కాసిన బెండ, వంగ, టమాటా, చిక్కుడు విత్తనాలను వేసవిలోనే తీసి, ఎండబెట్టి, కాగితం పొట్లాలు కట్టి డబ్బాలో పెట్టానని రాశారు. తొలి వానలకు వేస్తే సగం కూడా మొలవలేదని, చిక్కుడు గింజలకైతే చిల్లులు పడ్డాయని అన్నారు. బూడిద కలిపి ఉండాల్సిందా, ఫ్రిజ్‌లో పెట్టి ఉండాల్సిందా అని మీ సందేహం.

రెండూ పనికొచ్చేవే, కానీ రెండూ తర్వాతి సంగతులు. పొట్లం కట్టేనాటికి ఆ గింజలు పూర్తిగా ఎండాయా, ఎండినవి వానల దాకా అలాగే ఉన్నాయా అన్నది ముందు చూసుకోవాలి. నేను చాలా ఏళ్లుగా కూరగాయలకు ఇంటి విత్తనమే వాడుతున్నాను. ఎవరైనా విత్తనాలు మొలవలేదంటే ముందు ఎంత ఎండబెట్టారనే అడుగుతాను, ఎక్కడ దాచారన్నది తర్వాత.

గింజ పైకి కదలకుండా ఉన్నా లోపల ప్రాణం ఉంటుంది, చాలా నెమ్మదిగా శ్వాస తీసుకుంటూనే ఉంటుంది. తేమ పెరిగితే ఆ శ్వాస వేగం అందుకుంటుంది, మొలకెత్తేటప్పుడు వాడుకోవాల్సిన బలం ముందే ఖర్చయిపోతుంది. విత్తనాల నిల్వ గురించి చెప్పేవాళ్లు హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త పేరు మీద రెండు సూత్రాలు చెబుతారు. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుంది. దాచిన చోట వేడి 5.6 డిగ్రీల సెల్సియస్ తగ్గినా రెట్టింపవుతుంది. ఇవి ఉజ్జాయింపు లెక్కలే, అదీ తేమ 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నప్పుడే. అయినా ఒకసారి లెక్క వేసి చూడండి. 14 శాతం తేమ ఉన్న గింజను 8 శాతం దాకా ఎండబెడితే ఆరుసార్లు రెట్టింపు, అంటే 64 రెట్లు. అదే గింజను ఎండబెట్టకుండా 30 డిగ్రీల గదిలోంచి తీసి 5 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే వచ్చేది సుమారు 22 రెట్లు. పైసా ఖర్చు లేని ఎండే ఎక్కువ పని చేసి పెడుతోంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఎండిన గింజ చుట్టూ ఉన్న గాలిలోంచి తేమను మళ్లీ పీల్చుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దగ్గర కొన్నాళ్లు నిలిస్తే చిక్కుడు, అలసంద లాంటి పప్పుజాతి గింజలు దాదాపు 14 శాతం తేమకు చేరుకుంటాయి. వానాకాలంలో ఆ మాత్రం తేమ మామూలే. అంటే వేసవిలో మీరు పడ్డ కష్టమంతా కాగితం పొట్లంలోంచి మెల్లగా వెనక్కి పోయిందన్నమాట. కాగితం తేమను ఆపదు. పల్చటి ప్లాస్టిక్ కవరూ పూర్తిగా ఆపదు. వదులు మూత ఉన్న స్టీలు డబ్బా అయితే పేరుకే డబ్బా. తేమ 8, 9 శాతం దాటితే పురుగులకు అనుకూలం, 12 నుంచి 14 దాటితే బూజుకు అనుకూలం. మీ చిక్కుడు గింజలకు చిల్లులు, బెండకు మొలక పోవడం, రెండూ ఒకే కారణం వల్ల జరిగి ఉండొచ్చు.

ఒకే బెండ మొక్క గింజలను రెండుగా పంచి, సగం కాగితం కవరులో, సగం బిగుతు మూత ఉన్న గాజు సీసాలో పెట్టి, వానలు పడ్డాక పక్కపక్క సాళ్లలో వేసి చూశాను. సీసా సాలు ఒకేసారి లేచింది. కవరు సాలులో ఖాళీలు ఎలాగూ ఉన్నాయి, అవి సరే. నన్ను ఆలోచనలో పడేసినవి మొలిచిన మొక్కలు. ఆలస్యంగా, ఒక్కొక్కటిగా వచ్చాయి. కొన్నిటికి గింజ పెంకు ఊడక, విత్తనపు ఆకులు అందులోనే ఇరుక్కుని, మెడ వంచుకుని నిలబడ్డాయి. గింజ చచ్చిపోయేకంటే చాలా ముందే దాని సత్తువ పోతుంది. మొలక వచ్చింది కదా అని సంతోషించేలోపు అలాంటి నారు మొదటి జోరువానకే పడిపోతుంది.

ఎండబెట్టడం అంటే ఎండలో పారేయడం కాదండి. పచ్చిగా ఉన్న గింజకు 40 డిగ్రీలు దాటిన వేడి తగిలితే లోపలి మొలక దెబ్బతింటుంది. నడి వేసవి మధ్యాహ్నం సిమెంటు నేల, రేకు, నల్ల టార్పాలిన్ అంతకంటే ఎక్కువే కాలుతాయి. అందుకని మొదటి ఒకటి రెండు రోజులు గాలి ఆడే నీడలో ఆరబెట్టండి. తర్వాత పొద్దుటి ఎండలో బట్ట మీదో, జల్లెడలోనో పల్చగా పరిచి, అప్పుడప్పుడూ చేత్తో కలుపుతూ ఉండండి. ఎండ తీవ్రం కాగానే నీడలోకి తీయండి. సాయంత్రం చల్లబడకముందే ఇంట్లోకి తెచ్చేయాలి, రాత్రి బయట వదిలేస్తే పగలు పోయిన తేమలో కొంత తిరిగి చేరుతుంది.

ఎండిందో లేదో చేత్తో తాకి చూసి నమ్మేయకండి, పైన ఎండి లోపల పచ్చిగా ఉండే గింజలు చాలా. గుమ్మడి, సొర, దోస గింజను రెండు వేళ్లతో వంచితే వంగకుండా టక్కున విరగాలి. చిక్కుడు గింజను రాతి మీద పెట్టి సుత్తితో కొడితే పగిలి ముక్కలై ఎగరాలి. నలిగి చదునుగా అంటుకుందంటే ఇంకా చాలా రోజులు కావాలి. బాగా ఆరిన సీసాలో గింజలూ, పొడి ఉప్పూ కొద్దిగా వేసి కాసేపు ఊపి, పావుగంట పక్కన పెట్టే పద్ధతి కూడా ఉంది. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే. అంటుకోకపోతే దాటలేదని మాత్రమే అర్థం, దాచడానికి సిద్ధమని కాదు. ఈ ముక్క చెప్పకుండా ఉప్పు పరీక్ష ఒక్కటే చెబుతుంటారు, అందుకే నాకు దాని మీద పెద్ద గురి లేదు. సుత్తి పరీక్షే నయం.

ఇంతకీ కాయను ఎప్పుడు కోశారన్నదీ చూసుకోవాలి. కూరకు పనికొచ్చే దశలో ఉన్న కాయలో విత్తనం పక్వానికి రాదు. వంకాయ రంగు మారి పసుపు తిరగాలి. బెండ, బీర తీగ మీదో, మొక్క మీదో ఎండిపోవాలి, బీరకాయను ఊపితే లోపల గింజలు గలగలమనాలి. చిక్కుడు కాయ తొక్క కాగితమంత పల్చబడి కరకరలాడాలి. విత్తనానికని ఒకటి రెండు కాయలకు దారం కట్టి వదిలేయడం మంచిది. లేకపోతే కూర వండేవాళ్లు కోసేస్తారు!

టమాటా మాత్రం వేరే దారి. ఆ గింజ చుట్టూ ఉండే జిగురు పొర మొలకను ఆపుతుంది, కడిగితే పోదు. పండిన కాయ గుజ్జు, గింజలు కలిపి గిన్నెలో వేసి, పల్చటి గుడ్డ కప్పి, రెండు మూడు రోజులు పులియనివ్వండి. పైన తెల్లటి పొర కడుతుంది, వాసన బాగోదు, గిన్నె ఇంటికి దూరంగా పెట్టుకోండి. తర్వాత నీళ్లు పోసి కలిపితే మంచి గింజలు అడుగుకు దిగుతాయి, తాలు గింజలు తేలతాయి. ఎక్కువ రోజులు వదిలేస్తే గిన్నెలోనే మొలకలొస్తాయి. కడిగిన గింజలను పళ్లెం మీద ఆరబెట్టండి, కాగితం మీద వేస్తే అంటుకుని ఊడిరావు.

ఇక దాచడం. రబ్బరు వాషరు ఉన్న బిగుతు మూత గాజు సీసా చాలు. ఎండబెట్టాక గింజల్లో మిగిలిన కాస్త తేమనూ లాగేయడానికి నేను బియ్యం వాడతాను. బియ్యాన్ని దోరగా వేయించి, వేడిగా ఉండగానే సీసాలో సగం దాకా పోసి, మూత బిగించి చల్లారనిస్తాను. చల్లారాక గింజలను పల్చటి బట్ట సంచిలో కట్టి ఆ బియ్యం మీద పెట్టి, మళ్లీ మూత బిగించి రెండు వారాలు వదిలేస్తాను. తర్వాత గింజలను వేరే పొడి సీసాలోకి మార్చుకోవడమే. తేమను పీల్చే సిలికా జెల్ గుళికలు దొరికితే ఇంకా వేగం, గింజలంత బరువు జెల్ వేస్తే వారం సరిపోతుంది. సరిగ్గా ఎండని గింజను బిగుతు సీసాలో పెడితే మాత్రం పొట్లంలో పెట్టినదానికంటే త్వరగా కుళ్లుతుంది, తేమ బయటికి పోయే దారి ఉండదు. సీసా లోపలి గోడల మీద ఆవిరి చుక్కలు కనిపిస్తే వెంటనే తీసి మళ్లీ ఆరబెట్టండి.

ఫ్రిజ్ విషయానికొస్తే, ఎండి, సీసాలో బిగించినవైతే నిక్షేపంగా పెట్టుకోండి. బయటికి తీసిన వెంటనే మూత తీయొద్దు. చల్లటి గింజల మీద గదిలోని ఆవిరి పట్టి తడుస్తాయి. కొన్ని గంటలు బయట ఉంచి, సీసా గది వేడికి వచ్చాక తెరవండి. రోజూ తీసి పెట్టేవాళ్లకు ఫ్రిజ్ కంటే చల్లటి, చీకటి అలమారే మేలు.

మీ చిక్కుడు గింజల చిల్లులు పుచ్చు పురుగు పని. అది డబ్బాలో పుట్టుకురాలేదు, చాలాసార్లు పెరట్లో ఉన్నప్పుడే కాయ మీదో, గింజ మీదో గుడ్డు పెడుతుంది. గింజను వెలుతురులో తిప్పి చూస్తే పెంకు మీద ఆవగింజలో సగమంత తెల్లటి చుక్క అతుక్కుని ఉంటుంది. గోటితో గీకినా అంత తేలిగ్గా రాదు. అదే గుడ్డు. పిల్లపురుగు గింజలోపలికి తొలుచుకుపోయి, పెద్దదై, గుండ్రటి చిల్లు చేసుకుని బయటికొస్తుంది. అందుకే చిల్లు కనిపించేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. బాగా ఎండిన గింజలను బిగుతు సీసాలో పెట్టి, మైనస్ 18 డిగ్రీల్లో ఉండే డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచితే గుడ్లూ, లోపలి పురుగులూ చస్తాయి. తేమ ఉన్న గింజను ఫ్రీజర్‌లో పెడితే పురుగుతో పాటు విత్తనమూ చస్తుంది. ఫ్రీజర్ లేకపోతే కిలో గింజలకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించినా గుడ్లు పొదగకుండా ఆగుతాయి. జల్లించిన పొడి బూడిద ధారాళంగా కలపడం కూడా బాగా పనిచేస్తుంది, గింజల మధ్య ఖాళీలు పూడిపోయి పురుగు తిరగలేదు. చిటికెడు చల్లితే మాత్రం ఏ ఉపయోగమూ లేదు. వేపాకు వేసేవాళ్లు నీడన పూర్తిగా ఎండిన ఆకే వేయాలి. పచ్చి ఆకు వేస్తే డబ్బాలోకి తేమను మనమే పంపినట్టు. వీటిలో ఏదీ చెమ్మను ఆపదు, పురుగు వరకే.

అన్ని విత్తనాలనూ ఇలా ఎండబెట్టకూడదు కూడా. కరివేపాకు, నేరేడు, మామిడి, పనస గింజలు ఎండితే చచ్చిపోతాయి, పండులోంచి తీసిన కొద్ది రోజుల్లోనే నాటేయాలి. హైబ్రిడ్ మొక్క విత్తనం దాచినా మొలుస్తుంది గానీ, పిల్లలు తల్లిలా కాయవు. చేదు కాసిన సొర, దోస తీగల గింజలు మాత్రం అసలు దాచకండి, ఆ చేదు ఆరోగ్యానికి హాని చేస్తుంది, విత్తనంతో పాటు తర్వాతి తరానికీ రావచ్చు.

సరిగ్గా దాచినా ఉల్లి విత్తనం ఏడాదికే నీరసిస్తుంది. బెండ, మిరప రెండేళ్లు, చిక్కుడు మూడేళ్లు, టమాటా, వంగ నాలుగేళ్లు, దోస ఐదేళ్ల దాకా నిలుస్తాయి.

మీ దగ్గర మిగిలిన పొట్లాలను పారేయకండి. ఒక్కో రకంలో 20 గింజలు తీసి తడి గుడ్డలో చుట్టి, ఆరకుండా చూస్తూ వారం పది రోజులు ఉంచండి. మిరప, వంగకు రెండు వారాలైనా ఇవ్వాలి. సగం మొలిస్తే మామూలుగా వేసేదానికి రెట్టింపు వేసుకోండి. నాలుగైదే మొలిస్తే వాటినే జాగ్రత్తగా కుండీల్లో నాటి, కొత్త విత్తనం కట్టుకోండి. బెండ గింజలను మాత్రం ముందు రాత్రంతా నానబెట్టండి, పెంకు గట్టిగా ఉండి కూడా కొన్ని మొలవవు.

ఇప్పుడు వానలు పట్టుకున్నాయి కాబట్టి ఎండ కోసం ఎదురుచూడకుండా బాగున్న గింజలన్నిటినీ ఈ వారమే వేయించిన బియ్యం సీసాలోకి ఎక్కించేయండి. పెరట్లో విత్తనానికి వదిలిన చిక్కుడు కాయలు ఇంకా ఉంటే, పసుపు తిరిగినవాటిని తీగతో సహా కోసి, వాన జల్లు తగలని చూరు కింద తలకిందులుగా వేలాడదీయండి. తీగ మీదే వదిలేస్తే కాయలోనే మొలకలొస్తాయి.