సీటీ ఫామ్ వెనక్కి వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ పీజీ మొదటి సంవత్సరం. రాత్రి డ్యూటీలో సీటీ అడిగితే రేడియాలజీ వాళ్లు ‘హిస్టరీ లేదు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఏది’ అంటూ ఫామ్ వెనక్కి పంపేస్తారు. తెల్లారి రౌండ్స్‌లో స్కాన్ ఎందుకు కాలేదని మా చీఫ్ అరుస్తారు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. - పేరు వద్దన్న ఒక పీజీ

జవాబు: ముందు ఆ ఫామ్ మీద ఏం రాస్తున్నారో చూసుకోండమ్మా. వార్డుల నుంచి వెళ్లే చాలా ఫామ్‌లలో ‘కడుపునొప్పి, సీటీ అబ్డామిన్’ అని తప్ప ఇంకేం ఉండదు. ఫొటో స్టూడియోకి చెప్పినట్టు చెప్తే కుదరదు, ఎందుకంటే మనం దేనికోసం వెతుకుతున్నామో దాన్నిబట్టి స్కాన్ తీసే పద్ధతే మారిపోతుంది. కిడ్నీలో రాయి అనుమానమైతే ప్లెయిన్ సీటీ చాలు, కాంట్రాస్ట్ (స్కాన్‌లో తెల్లగా కనపడేలా నరంలోకి ఎక్కించే మందు) మూత్రంలోకి దిగితే అదీ తెల్లగానే కనిపించి రాయిని కప్పేస్తుంది. అదే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అయితే కాంట్రాస్ట్ పల్మనరీ ఆర్టరీలో నిండుగా ఉన్న ఆ కొన్ని సెకన్లలోనే తీయాలి, మీరు ఊరికే ‘సీటీ చెస్ట్’ అని రాస్తే ఆ గడ్డ దొరక్కపోవచ్చు, పేషెంట్‌కి రేడియేషన్ మాత్రం తగులుతుంది. పాంక్రియాటైటిస్‌లో (క్లోమగ్రంథి వాపులో) నొప్పి మొదలై ఎన్నో రోజని అడిగితే విసుక్కోకండి. నెక్రోసిస్ (ఆ గ్రంథిలో కొంత భాగం చచ్చిపోవడం) ఉన్నా మొదటి రోజు సీటీలో కనపడకపోవచ్చు, 72 గంటలు దాటాక తీస్తే చాలా స్పష్టంగా తెలుస్తుంది.

క్రియాటినిన్ సంగతి వేరు. కాంట్రాస్ట్ ఇచ్చేటప్పుడు, అందులోనూ ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్ నుంచి లెక్కకట్టే, కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కంటే తక్కువ ఉండొచ్చనిపించే పేషెంట్‌కి, వాళ్లు అడగడం న్యాయమే. కానీ పక్షవాతంతో వచ్చిన మనిషికి ప్లెయిన్ సీటీ బ్రెయిన్ తీయడానికి క్రియాటినిన్‌తో పనిలేదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా 4.5 గంటలే గడువు, అలాంటప్పుడు ఫామ్ ఎవరి చేతికీ ఇచ్చి పంపకండి, మీరే వెళ్లి నిలబడి, పేషెంట్‌ని చివరిసారి ఎన్నింటికి బాగా చూశారో చెప్పి అడగండి. అక్కడ మొహమాటపడితే నష్టపోయేది పేషెంటే.

గర్భిణికి అల్ట్రాసౌండ్ అడిగినప్పుడు అన్ని కాగితాలు ఎందుకని కూడా చాలామంది పీజీలు కోప్పడతారు. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించేది) కింద, గర్భిణి స్కాన్‌కి నింపాల్సిన ఫామ్-ఎఫ్‌ సరిగ్గా నింపకపోయినా కేసే, అది వట్టి గుమస్తా పొరపాటని కొట్టిపారేయలేమని 2019లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ఆ భయం రేడియాలజీ వాళ్లకి రోజూ ఉంటుంది.

తప్పంతా మనదే అని మాత్రం నేను అనను. రాత్రి ఫోన్ ఎత్తకపోవడం, కారణం చెప్పకుండా ఫామ్ తిప్పి పంపడం, ప్రతి రిపోర్టు చివరా క్లినికల్‌గా పోల్చి చూసుకోండని రాసి చేతులు దులుపుకోవడం, ఇవన్నీ ఉన్నాయి, నాకూ వాటి మీద గట్టి కోపమే ఉంది. వీటిని మొదటి సంవత్సరం పీజీ సరిచేయలేదు. తిరిగొచ్చిన ప్రతి ఫామ్ మీదా టైమూ, వాళ్లు చెప్పిన కారణమూ రాసి పెట్టుకుని మీ చీఫ్‌కి చూపించండి, రెండు డిపార్ట్‌మెంట్ల హెడ్‌లూ కూర్చుని రాత్రి కేసులకి ఏమేం కావాలో ఒక కాగితం మీద తేల్చేయాలి.

ఇంకొకటి, వీలైన మధ్యాహ్నాల్లో రిపోర్టింగ్ రూమ్‌కి వెళ్లి మీ పేషెంట్ల ఫిల్మ్‌లు వాళ్లతో కలిసి చూడండి, ఆపరేషన్‌లో చివరికి ఏం బయటపడిందో వాళ్లకి చెప్పండి. ఆ కబురు వాళ్లకి ఎవరూ చేరవేయరు.