తిరిగి కూర్చిన పాత మోటార్‌సైకిల్ రోడ్డు మీద నిలకడ తప్పుతుంటే

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పాత మోటార్‌సైకిల్‌ను పూర్తిగా విప్పి, రంగు వేయించి, మళ్లీ కూర్చిన తరువాత ఇంజను చక్కగా నడుస్తున్నా బండి మాత్రం రోడ్డు మీద ఊగుతోందని వ్రాశావు. ఊగడంలో రకాలున్నాయి కనుక ఏ విడిభాగమూ కొనకముందే నీ బండిది ఏ రకమో తేల్చుకో. గంటకు 50 నుంచి 80 కిలోమీటర్ల మధ్య, ముఖ్యంగా వేగం తగ్గుతున్నప్పుడు, హ్యాండిల్ అటూ ఇటూ వేగంగా అదిరితే అనుమానం మొదట ముందు భాగం మీదికి పోవాలి. వేగం పెరిగినప్పుడో పొడవైన మలుపులోనో బండి మొత్తం నెమ్మదిగా తోక ఊపుతున్నట్లు కదిలితే వెనక భాగాన్ని ముందు చూడాలి. తిన్నని రోడ్డు మీద ఒక పక్కకే లాగితే చక్రాల వరస చూడాలి. నడక వేగంలో కూడా తిన్నగా పోలేక పాములా మెలికలు తిరిగితే హ్యాండిల్ కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) బిగుతు ఎక్కువైందని దాదాపు చెప్పవచ్చు. ఈ పరీక్ష కోసం హ్యాండిల్ వదిలేయవద్దు. ఖాళీ రోడ్డు మీద పట్టు కొంచెం సడలిస్తే చాలు.

విప్పకముందు బండి నిలకడగానే ఉండేదంటే, లోపం తిరిగి కూర్చినప్పుడు వచ్చిందే తప్ప ముప్పై నలభై ఏళ్లుగా అందులో దాగి ఉన్నది కాదు. అందుకే నీవు చేయి పెట్టిన చోట్లనే ముందు వెతుకు.

టైర్లతో మొదలుపెట్టు. బండి చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచి, తయారీదారు చెప్పిన ఒత్తిడితో సరిచూడు. టైరు పక్క గోడ మీది నాలుగంకెల గుర్తులో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2309 అని ఉంటే అది 2009లో 23వ వారంలో తయారైనది. గాడులు ఎంత లోతుగా ఉన్నా అంత పాత రబ్బరు గట్టిపడి ఉంటుంది. అందం కోసం మొదటి కొలత కన్నా వెడల్పు టైరు ఎక్కించి ఉంటే, ఇరుకు రిమ్ము దాన్ని అంచుల దగ్గర నొక్కి, రోడ్డును తాకే వంపునే మార్చేస్తుంది. టైరు అంచు దగ్గర ఉండే సన్నని గీత రిమ్ముకు చుట్టూ సమాన దూరంలో ఉందో లేదో కూడా చూడు. లేకపోతే టైరు సరిగా కూర్చోలేదు.

తరువాత కోన్ సెట్టు. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం) కాళ్ల అడుగు భాగాన్ని పట్టుకొని ముందుకూ వెనక్కూ కదుపు. టక్కుమని ఆడితే వదులుగా ఉన్నట్లు. హ్యాండిల్‌ను మధ్య నుంచి మెల్లగా తోస్తే తన బరువుతోనే చివరి దాకా వాలాలి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే రేసులలో (బేరింగు గుండ్లు దొర్లే వలయాలలో) గుంటలు పడ్డాయన్నమాట, ఎంత బిగించినా అది పోదు, మార్చవలసిందే. కొత్త రంగు వేసిన ఫ్రేములో ఇంకొక చిక్కు ఉంటుంది. రేసు కూర్చునే చోట రంగు మిగిలిపోతే అది పూర్తిగా దిగదు, కొన్ని కిలోమీటర్లు తిరిగాక సర్దుకొని వదులవుతుంది. కనుక ఒకసారి సరిచేసి ఊరుకోక, కొద్ది దూరం నడిపాక మళ్లీ చూడు.

ఫోర్కు విషయంలో రెండు కాళ్లలోనూ నూనె సమానంగా ఉండాలి. ముందు చక్రం బిగించేటప్పుడు యాక్సిల్‌ను పట్టే చివరి బోల్టును వదులుగా ఉంచి, ఫోర్కును గట్టిగా నాలుగుసార్లు నొక్కి, కాళ్లు తమంతట తాము సర్దుకున్నాకే బిగించాలి. గొట్టాలు వంగాయన్న అనుమానం ఉంటే విప్పి చదునైన అద్దం పలక మీద దొర్లించు.

కొత్త పుల్లలు వేసిన చక్రం దగ్గర ఎక్కువ సమయం కేటాయించమని నా సలహా. చాలా పాత బండ్లలో రిమ్ము హబ్బు (చక్రం నడిమి భాగం) మధ్యకు సరిగ్గా ఉండదు. డ్రమ్ము కోసమో స్ప్రాకెట్ కోసమో కొన్ని మిల్లీమీటర్లు ఒక పక్కకు జరిపి కడతారు. ఆ సంగతి తెలియని మనిషి హబ్బు మధ్యకే రిమ్మును తెస్తే చక్రం తిప్పినప్పుడు వంకర లేకుండా అందంగానే తిరుగుతుంది, బండి మాత్రం పక్కకు లాగుతుంది. స్పేసర్లు (యాక్సిల్ మీద చక్రాన్ని సరైన దూరంలో ఉంచే గొట్టపు ముక్కలు) ఎడమవి కుడికి మారినా ఇదే జరుగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి దారమే మంచి పరికరం. వెనక టైరు చుట్టూ దారం తిప్పి, బండి కింది భాగాలు అడ్డు రానంత ఎత్తులో రెండు పక్కలా ముందుకు లాగి, అది వెనక టైరు ముందంచును తాకీ తాకనట్టుండేలా పట్టుకో. ముందు టైరు సన్నదైతే రెండు పక్కలా సమాన సందు కనిపించాలి. దారానికి ముందు టైరు సమాంతరంగా ఉండీ సందులు తేడాగా ఉంటే రిమ్మో స్పేసరో కారణం. ముందు చక్రాన్ని తిన్నగా ఉంచినా దారం కోణంగా పోతే చైను సర్దే చోట వెనక చక్రం ఏటవాలుగా ఉన్నట్లు. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ కదిలే చేయి) మీది గీతలను నమ్మవద్దు, అవి రెండు వైపులా ఒకే చోట ఉండాలన్న నియమం లేదు. వెనక నిలబడి చూసినప్పుడు ఒక చక్రం నిటారుగా, మరొకటి వాలి కనిపిస్తే స్వింగ్ ఆర్మ్ గానీ ఫోర్కు గానీ ఫ్రేము గానీ మెలి తిరిగి ఉంటుంది.

స్వింగ్ ఆర్మ్‌ను పరీక్షించేటప్పుడు చక్రమూ షాక్ అబ్జార్బర్లూ తీసేసి, చివర పట్టుకొని పక్కకు తోసి చూడు. చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. అది తిరిగే ఇరుసు చుట్టూ ఉండే కంచు బుష్షులను నొక్కి ఎక్కించాక లోపలి కొలతకు రీమరు (రంధ్రాన్ని సరైన కొలతకు కోసే పనిముట్టు) పట్టకపోతే అవి బిగుస్తాయి లేదా త్వరగా అరిగిపోతాయి. 1967లో వచ్చిన నార్టన్ కమాండో వంటి బండిలో ఇంజను, స్వింగ్ ఆర్మ్ కలిసి రబ్బరు మౌంట్ల మీద ఉంటాయి కనుక అక్కడి పక్క సందును కూడా సర్దాలి. పాత పద్ధతిలో అది సుమారు 0.25 మిల్లీమీటర్లు, పెరిగితే వెనక భాగం తేలిపోతుంది. షాక్ అబ్జార్బర్లు కొత్తవైతే పొడవు పాతవాటితో పోల్చు. పొడవైనవి వెనకను లేపి ఫోర్కును నిటారు చేస్తాయి, హ్యాండిల్ చురుకెక్కుతుంది; పొట్టివి దాన్ని మందకొడిగా చేస్తాయి. బండి ఒకప్పుడు సైడ్‌కారు లాగినదైతే దానికి తగిన ఫోర్కు పట్టీలే (ఫోర్కు కాళ్లను ఫ్రేముకు కలిపేవి) ఇంకా ఉన్నాయేమో చూడు. అవి సైడ్‌కారుతో తేలికగా తిరిగినా, ఒంటరి బండికి వేగంలో నిలకడనివ్వవు.

ఇంజను బోల్టులన్నీ, సిలిండర్ తలను ఫ్రేముకు కట్టే పట్టీతో సహా, బిగుతుగా ఉండాలి. చాలా పాత ఫ్రేములకు ఇంజనే సగం బలం. హ్యాండిల్‌కు డ్యాంపర్ (దాని అదురును అణచే పరికరం) ఉంటే పరీక్షలో పూర్తిగా వదిలెయ్యి. బిగిస్తే లోపం దాగుతుంది, పోదు.

ఒక్కసారి ఒక్కటే మార్చి, అదే రోడ్డు మీద అదే వేగంలో నడిపి, ఫలితం నోటు పుస్తకంలో వ్రాసుకో. మూడు మార్పులు ఒకేసారి చేస్తే బండి బాగుపడినా కారణం తెలియదు. ఇవన్నీ అయ్యాక కూడా ఊపు మిగిలితే, తిన్నగా ఉన్నాయని తెలిసిన ఫోర్కూ చక్రాలూ ఎక్కడైనా అరువు తెచ్చి అమర్చి చూడు. అప్పటికీ మారకపోతే ఫ్రేమును బల్ల మీద పెట్టి కొలిచేవారి దగ్గరికి పట్టుకెళ్లు. కొలవకుండానే వేడి చేసి వంచుతామనేవారి చేతికి మాత్రం ఇవ్వవద్దు.

ఇట్లు,
నీ మామయ్య