పిస్తాలమ్మే షాహాప్ వస్తే ‘దా’ కాస్తా ‘తా’

ప్రశ్న: మా అబ్బాయి ఇస్తాంబుల్‌లో చదువుతున్నాడు. వేసవిలో వెళ్దామని ఫోన్లో టర్కిష్ నేర్చుకుంటున్నాను. మనం దేనికైనా ఒకటే ‘లో’ పెడతాం. వాళ్ళు ఓ చోట ‘దే’, ఓ చోట ‘దా’, ఇంకోచోట ‘తా’ అంటారేమిటండీ? బట్టీ పట్టాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బట్టీ అక్కర్లేదమ్మా, నోరే దారి చూపిస్తుంది. మాటలో చివరి అచ్చు ఎ, ఇ అయితే ‘దే’. ఎవ్ అంటే ఇల్లు, ఎవ్-దే అంటే ఇంట్లో. ఇజ్మిర్ నగరంలో అనడానికి ఇజ్మిర్-దే కూడా అంతే. చివరి అచ్చు అ, ఒ, ఉ అయితే ‘దా’. ఒకుల్-దా అంటే బడిలో. మీవాడు ఉన్నది ఇస్తాంబుల్-దా. మన లిపికి అందని అచ్చులు మూడున్నాయి. ఎ, ఇ అంటూ పెదాలు సున్నా చుడితే వచ్చే రెండూ ‘దే’ జట్టు, నాలుక వెనక్కి లాగి పలికే ‘ఇ’ లాంటిది ‘దా’ జట్టు. మనమూ ‘గురువుకు’ అని రాసి ‘హరికి’ దగ్గర ‘కు’ను ‘కి’ చేసేస్తాం కదా, ఆ బాపతే.

అసలు తేడా వేరే ఉంది. మనం ‘లో’ జోలికి పోకుండా ముందున్న మాటను విరిచేస్తాం: ఇల్లు ఇంట్లో, ఊరు ఊళ్ళో, ఏరు ఏట్లో. వాళ్ళు మాటను ముట్టుకోరు, ప్రత్యయాన్నే మారుస్తారు. నన్నడిగితే వాళ్ళదే సుఖం.

ఇక ‘తా’, ‘తే’. ఫ, స, త, క, చ, ష, హ, ప శబ్దాలతో మాట ముగిస్తే ‘ద’ ‘త’గా గట్టిపడుతుంది. మనకు యమాతారాజభానసలగం ఉన్నట్టు అక్కడి పిల్లలకు ‘ఫిస్తిక్చి షాహాప్’ ఉంది. పిస్తాలమ్మే షాహాప్ అని అర్థం. ఆ ఎనిమిది హల్లులూ అతని పేరులోనే ఉన్నాయి. అందుకే సినోప్, గాజియాన్‌తెప్ అనే ఊళ్ళకు సినోప్-తా, గాజియాన్‌తెప్-తే. ఏడాదిని అంకెల్లో రాసినా పలికే మాటనే చూడాలి. 1923 చివర ‘మూడు’కు వాళ్ళ మాట చకారంతో ముగుస్తుంది కాబట్టి ‘తే’, 1938 చివర ఎనిమిది, అంటే సెకిజ్, కాబట్టి ‘దే’.

నేను అంకారాలో ఉన్న కొత్తలో వీధి చివర బక్కాల్, అంటే కిరాణా కొట్టతను, స్టూలు వేసి, టీ చేతికిచ్చి ‘నెరెదే ఒతురుయోర్సునుజ్?’ అన్నాడు. ‘ఎక్కడ కూర్చుంటున్నారు?’ అని విన్నాను. కూర్చునే ఉన్నాను కదా, ‘స్టూలు మీద’ అన్నాను. అతనికి పొలమారింది. ఒతుర్మాక్ అంటే కూర్చోవడమే కాదు, కాపురముండడం కూడా. ‘ఉలుస్-తా ఒతురుయోరుమ్’ అనాల్సింది. ఉలుస్ మా పేట పేరు.

ఈ ప్రత్యయం ఒక్కటే మన లో, మీద, దగ్గర, మూడు పనులూ చేస్తుంది. బెన్-దే పారా యోక్ అంటే అచ్చం మన ‘నా దగ్గర డబ్బుల్లేవు’. ఐదింటికి అనడానికీ ఇదే: సాఆత్ బెష్-తే. దోల్‌ముష్, అంటే వాళ్ళ షేర్ వ్యాను, దిగాలంటే ‘ముసాయిత్ బిర్ యెర్-దే ఇనెజెక్ వార్’ అని కేకేయండి. ‘వీలైన చోట దిగేవాళ్ళున్నారు’ అని. దిగేది మీరే అయినా అలాగే అంటారు.

ఒక్క గొడవ మాత్రం టర్కీవాళ్ళకే తెగలేదు. ‘కూడా’ అనే మాట కూడా దే, దాయే. అది విడిగా రాయాలి, ఎప్పటికీ ‘తే’, ‘తా’ కాదు. బెన్ దే అని విడగొడితే నేనూ, కలిపితే నా దగ్గర. ఓ రాత్రి స్నేహితుడు ఆకలేస్తోందని మెసేజ్ పెడితే, నాకూ అనబోయి రెండూ కలిపేశాను. పావుగంటలో తలుపు తట్టాడు. ఇంట్లో రెండు ఉల్లిపాయలున్నాయి.